సింహాసనాలు వాటంతట అవి కూలవు

గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, మెటా వంటి పెద్ద సాంకేతిక కంపెనీల భవిష్యత్తు గురించి మన మధ్య రెండు రకాల అభిప్రాయాలు వినవస్తున్నాయి. వీటిని ఇక ఎవరూ ఓడించలేరు, మార్కెట్టు శాశ్వతంగా వీటి చేతుల్లోకి పోయింది అనేది మొదటిది. ఎంతెంత చక్రవర్తులో కాలగర్భంలో కలిసిపోయారు, వీళ్ళూ అలాగే పోతారు అనేది రెండోది. మొదటిది భయంలోంచి పుట్టింది. రెండోది ఊరట కోసం పుట్టింది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ అభిప్రాయాలకు ఒక పోలిక ఉన్నది. మొదటిదానిలో కంపెనీ అజేయం, రెండోదానిలో కాలం అజేయం. మనుషులు చేయగలిగింది మాత్రం రెండింటిలోనూ ఏమీ లేదు.

నేను ఆర్థికశాస్త్రవేత్తను కాను. తెలుగు ఎమ్మే చదివి, ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పుకుంటూ, అడపాదడపా సాహిత్య విమర్శ రాసేవాణ్ణి. అయితే ఈ రెండు అభిప్రాయాలూ లెక్కల రూపంలో కన్నా కథల రూపంలోనే ప్రజల్లోకి పోతున్నాయి. కథ ఉన్నచోట విమర్శకుడికి పని ఉంటుంది. ఇతివృత్తం ఏమిటి, కథకుడు ఎవరి పక్కన నిలబడ్డాడు, ఏ పాత్రను తెరవెనక్కి నెట్టాడు అని అడగటం మన బాధ్యత. ఆ ప్రశ్నలనే ఇక్కడ అడగదలచుకున్నాను.

ముందుగా విజయగాథను తీసుకుందాం. వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోనూ, బడి వార్షికోత్సవ ఉపన్యాసాల్లోనూ ఇది ఒకే మూసలో వినిపిస్తుంది. ఒక కారు షెడ్డు. అందులో ఇద్దరు కుర్రవాళ్ళు. చేతిలో డబ్బు లేదు, తలలో గొప్ప ఆలోచన ఉన్నది. లోకం నవ్వింది, వాళ్ళు పట్టు వదల్లేదు, చివరికి లోకాన్నే గెలిచారు. దీనికి మన తెలుగువాళ్ళ అనుబంధ అధ్యాయం కూడా ఒకటి ఉన్నది. హైదరాబాదులో పుట్టి అక్కడే బడి చదువు చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి కావడం ఆ అధ్యాయం. ఆ గర్వాన్ని నేను తప్పుపట్టను. కాని ఒక మనిషి ఎంత ఎత్తుకు ఎక్కాడన్నది వేరు, ఒక కంపెనీ తన ఎత్తును ఎట్లా కాపాడుకుంటున్నదన్నది వేరు. మొదటిది చెప్పి రెండోది చెప్పినట్టు భ్రమింపజేయడమే ఈ కథన పద్ధతిలోని లోపం.

ఈ గాథలో సత్యం లేదని అనడం లేదు. 1998లో గూగుల్ స్థాపించినప్పుడు దాని వెదుకులాట పద్ధతి నిజంగానే మెరుగైనది. ఒక పుట విలువను, దాన్ని ఎన్ని ఇతర పుటలు, ఎలాంటి పుటలు ప్రస్తావిస్తున్నాయో చూసి నిర్ణయించాలనే ఆలోచన అప్పటివరకు ఉన్న పద్ధతులకన్నా మంచి ఫలితాలనిచ్చింది. మంచి సరుకు గెలిచింది. ఇక్కడిదాకా కథకుడు నిజమే చెప్పాడు. అయితే ఆ తర్వాతి పాతికేళ్ళ సంగతి ఏమిటి?

2020 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది. 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా, వెదుకులాట మార్కెట్టులో గూగుల్ గుత్తాధిపతి అనీ, ఆ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకున్నదనీ తీర్పు చెప్పారు. ఆ విచారణలో బయటపడిన లెక్కలు గమనించదగ్గవి. ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తననే ముందుగా అమర్చిపెట్టడానికి గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. 2022లో ఒక్క ఆపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు చెల్లించింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. సరుకు మంచిదనం ఒక్కటే గెలిపిస్తుంటే ఇంత సొమ్ము దేనికి? సమాధానం మనందరి అనుభవంలోనూ ఉన్నది. కొన్న ఫోనులో ముందే అమర్చి ఉన్నదాన్ని మనలో మార్చేవాళ్ళు బహు తక్కువ. బజారులో మంచి దుకాణం పెట్టడం ఒక పద్ధతి. బజారులోకి వచ్చే దారి మొదట్లోనే దుకాణం పెట్టుకొని, ఆ జాగా ఇంకెవరికీ దక్కకుండా ఏటేటా కౌలు కట్టడం ఇంకొక పద్ధతి. విజయగాథ మొదటి పద్ధతినే పాడుతుంది. రెండోదాన్ని గురించి నోరు విప్పదు.

వాట్సాప్ విషయంలో కౌలు కూడా అక్కర్లేదు. ఉపాధ్యాయుల గ్రూపు అందులో ఉన్నది, సంఘం గ్రూపు అందులో ఉన్నది, పెళ్ళిపిలుపులు అందులోనే వస్తున్నాయి. ఒకడు బయటికి పోవాలంటే అందరూ పోవాలి. అందరూ ఒకేసారి కదలరు కనుక ఒక్కడూ కదలడు. మనమందరం ఒకరికొకరం సంకెళ్ళుగా మారిన ఈ స్థితికి వినియోగదారుల అభిమానం అని పేరు పెట్టడం సరికాదు.

ఇక పతనగాథ. మన పాఠకుల్లో చాలామందికి ఇదే ఇష్టమైన కథ. ఒకప్పటి ఐబీఎమ్ ఏది, నోకియా ఏది, యాహూ ఏది అని అడిగి, నేటి కంపెనీల గతీ అంతే అని తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది. కాని చరిత్రను దగ్గరగా చూస్తే ఆ పతనాల్లో ఏ ఒక్కటీ సూర్యుడు అస్తమించినట్టు దానంతట అది జరగలేదు.

1960లలో, 70లలో కంప్యూటరు అంటే ఐబీఎమ్. 1969 జనవరిలో అమెరికా ప్రభుత్వం దానిమీద గుత్తాధిపత్య దావా వేసింది. పదమూడేళ్ళు నడిచిన ఆ దావాను 1982 జనవరిలో ప్రభుత్వమే ఉపసంహరించుకున్నది. పైకి చూస్తే ఐబీఎమ్ గెలిచింది. కాని దావా పడిన ఏడాదే, 1969 జూన్‌లో, యంత్రంతో కలిపి ఇచ్చే ప్రోగ్రాములకు విడిగా ధర పెడతామని ఐబీఎమ్ ప్రకటించింది. అంతకుముందు యంత్రం కొన్నవాడికి ప్రోగ్రాములు అందులో కలిసే వచ్చేవి. బయటివాడు ప్రోగ్రాము రాసి అమ్ముకునే అవకాశం బహు కొద్ది. ధరలు విడిపోవడంతో ప్రోగ్రాములు రాయడం విడి పరిశ్రమగా ఎదగడానికి దారి ఏర్పడింది. ఈనాడు మన పిల్లలు లక్షలాదిగా చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెనుక, దావా భయంతో వేసిన ఆ అడుగు కూడా ఉన్నదని విజయగాథ రాసినవాళ్ళు చెప్పరు, పతనగాథ రాసినవాళ్ళూ చెప్పరు.

మన దేశంలోనూ ఆ కథకు ఒక భాగం ఉన్నది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్నప్పుడు ఐబీఎమ్ ఒప్పుకోలేదు. 1978లో మన దేశం విడిచి వెళ్ళింది. అది వదిలిపెట్టిన యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగంలోని సీఎమ్‌సీ తలకెత్తుకున్నది. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ అప్పటికే సొంతంగా టీడీసీ కంప్యూటర్లు తయారుచేస్తున్నది. ఆ యంత్రాలు ప్రపంచ మార్కెట్టును జయించలేదు, 1992లో ఐబీఎమ్ టాటాలతో కలిసి మళ్ళీ వచ్చింది, ఇవన్నీ నిజాలే. కాని ఒక కంపెనీ లేకపోతే పని ఆగిపోతుందనే మాట అబద్ధమని ఆ కాలం రుజువు చేసింది. కంప్యూటరు లోపలిదాకా చేయిపెట్టి పని నేర్చుకున్న ఒక తరం తయారైంది.

1981లో ఐబీఎమ్ తన వ్యక్తిగత కంప్యూటరును తెచ్చింది. తొందరలో చిప్పు ఇంటెల్ దగ్గర, నడిపే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నది. ఆ విడిభాగాలు ఎవరైనా కొనుక్కోగలిగినవి కావడంతో కొన్నేళ్ళలోనే అదే రకం కంప్యూటర్లు ఎందరో తయారుచేశారు. 1993లో ఐబీఎమ్ నష్టం సుమారు 800 కోట్ల డాలర్లు. 2005లో వ్యక్తిగత కంప్యూటర్ల వ్యాపారాన్నే చైనా కంపెనీ లెనోవోకు అమ్మేసింది. అయితే బ్యాంకులు వాడే పెద్ద యంత్రాల మార్కెట్టులో ఐబీఎమ్ ఈనాటికీ రాజే. అంటే అది తన పాత కోటలో ఓడిపోలేదు. జనం నడిచే దారి కోట పక్కనుంచి తప్పుకొని పోయింది.

తర్వాత మైక్రోసాఫ్ట్ వంతు. 1998లో దావా పడింది. 2000లో న్యాయమూర్తి కంపెనీని రెండుగా చీల్చమన్నారు. 2001లో పై కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది, అదే ఏడాది రాజీ కుదిరింది. కంప్యూటరు తయారీదారులు ఇతరుల ప్రోగ్రాములు పెట్టుకుంటే కక్ష తీర్చుకోరాదన్నది ఆ రాజీలో ఒక షరతు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఐరోపా దేశాల ప్రభుత్వాల సొమ్ముతో నడిచే సెర్న్ పరిశోధన సంస్థ, తనదగ్గర పుట్టిన వరల్డ్ వైడ్ వెబ్‌ను 1993 ఏప్రిల్ 30న ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఎవరి సొత్తూ కాని ఆ రాదారి మీదనే గూగుల్ నడిచి వచ్చింది. వెబ్ కూడా మైక్రోసాఫ్ట్ ఆస్తే అయి ఉంటే, షెడ్డులో కూచున్న ఆ ఇద్దరు కుర్రవాళ్ళు ఏ తలుపు తట్టి ఉండేవాళ్ళు?

ఈ ఉదాహరణల నుంచి నాకు అర్థమైన సూత్రం ఇది. పెద్ద కంపెనీ తనకన్నా మంచి సరుకు తెచ్చినవాడి చేతిలో తన మార్కెట్టులోనే ఓడిపోవడం అరుదు. జనం వేరే దారి పట్టినప్పుడు దాని పట్టు సడలుతుంది. ఆ వేరే దారి ఏర్పడటానికి చట్టం ఒత్తిడో, అందరికీ అందే విడిభాగాలో, ప్రజాధనంతో నిర్మించిన ఉమ్మడి రాదారో అవసరమైనాయి. కాలం పతనాన్ని తెచ్చిందని అనుకుంటున్నచోట నిజానికి కొన్ని చేతులు పనిచేశాయి. పతనగాథ ఆ చేతులను చెరిపేసి కాలానికి కిరీటం పెట్టింది.

మరి నేటి కంపెనీలు ఇకముందు కూడా గెలుస్తూ పోగలవా? చరిత్రను మనకన్నా శ్రద్ధగా చదివినవాళ్ళు ఆ కంపెనీలవాళ్ళే అని గుర్తుంచుకోవాలి. దారి మళ్ళితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. అందుకే కొత్త దారి ఏర్పడుతున్నదన్న వాసన రాగానే దాన్ని కొనేస్తున్నారు. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించుకున్నది. 2014లో వాట్సాప్‌కు 1,900 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఈ కొనుగోళ్ళ మీద 2020లో అమెరికా వాణిజ్య కమిషన్ వేసిన దావాను 2025 నవంబరులో కోర్టు తిరస్కరించింది. టిక్‌టాక్, యూట్యూబ్ పోటీలో ఉండగా మెటాకు ఇప్పుడు గుత్తాధిపత్యం ఉన్నదని రుజువు కాలేదన్నది. మన దేశంలో ఆ టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో నిషేధించారు. ఆ ఖాళీని ఎవరు నింపారు? కొన్ని దేశీయ యాప్‌లు తలెత్తినా, జనంలో అధిక భాగం ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు, యూట్యూబ్ షార్ట్స్‌కు, అంటే మెటాకు, గూగుల్‌కు చేరారు. ఒక సింహాసనం ఖాళీ అయినంత మాత్రాన సింహాసనాల పద్ధతి పోదని ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినప్పుడు గూగుల్ పని అయిపోయిందన్నవాళ్ళున్నారు. 2025 సెప్టెంబరులో గూగుల్ కేసులో శిక్ష ఖరారు చేస్తూ న్యాయమూర్తి మెహతా ఈ కొత్త పోటీని లెక్కలోకి తీసుకున్నారు. క్రోమ్ బ్రౌజరును అమ్మించమనే కోరికను ఒప్పుకోలేదు. ఇతరులను మినహాయించే ఒప్పందాలను నిషేధించి, కొంత సమాచారాన్ని పోటీదారులతో పంచుకోమన్నారు. ముందుగా అమర్చినందుకు సొమ్ము చెల్లించడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. కొత్త పోటీ నిజమే. కాని ఆ కొత్త కంపెనీ వెనుక 2019 నుంచీ పెట్టుబడి పెట్టినది మైక్రోసాఫ్ట్. ఈ కృత్రిమ మేధ కంపెనీలకు కావలసిన అపారమైన కంప్యూటరు బలంలో పెద్ద వాటా అద్దెకిస్తున్నవి అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్. పాత రాజుల గుర్రాల మీద ఎక్కి వచ్చే కొత్త రాజును చూసి ప్రజలు పండుగ చేసుకోవాలా?

పతనం జరిగినప్పుడు మాత్రం దాని బరువు ఎవరి నెత్తిన పడుతున్నదో చూశామా? మన ఊళ్ళలో సెల్‌ఫోను అంటే నోకియా అనే రోజులుండేవి. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 2006లో దాని కర్మాగారం మొదలైంది. వేలాదిమంది, ముఖ్యంగా యువతులు, అక్కడ పనిచేశారు. 2014లో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మింది. పన్నుల వివాదంలో ఉన్న ఆ కర్మాగారం మాత్రం అమ్మకంలో చేరలేదు. అదే ఏడాది నవంబరులో మూతపడింది. మరుసటి ఏడు మైక్రోసాఫ్ట్ ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకొని ముందుకు సాగిపోయింది. పద్దులో ఒక గీత గీసి సాగిపోగలిగిన వెసులుబాటు ఆ యువతులకు లేదు. పతనగాథలో వాళ్ళ పాత్ర ఎక్కడా కనిపించదు.

సాహిత్యకారులుగా మనకు నేరుగా తగిలిన దెబ్బ కూడా ఉన్నది. ఇంటర్నెట్‌లో తెలుగు సాహిత్య చర్చ తొలిరోజుల్లో యాహూ గ్రూపుల్లో జరిగింది. రచ్చబండ వంటి గ్రూపుల్లో ఛందస్సు మీద, కథల మీద, భాష మీద ఏళ్ళతరబడి వాదోపవాదాలు నడిచాయి. 2020 డిసెంబరు 15న యాహూ తన గ్రూపులను శాశ్వతంగా మూసేసింది. సభ్యులు ముందుచూపుతో దాచుకున్నంత మేరకే మిగిలింది. ఆర్కుట్ అంతకుముందే 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఇవాళ మన కవిత్వంలో ఎంత భాగం ఫేస్‌బుక్ గోడల మీద మాత్రమే ఉన్నదో ఆలోచించండి. కంపెనీ గెలుస్తూ ఉంటే మన రాతకు అద్దె యజమాని అదే. ఓడిపోతే మన రాత దానితోపాటు సమాధి. గెలుపులోనూ ఓటమిలోనూ నష్టం మనదే అయినప్పుడు, ఎవరు గెలుస్తారని పందెం కాయడం మన పని కాజాలదు. బయటికి వచ్చే తలుపు ఉన్నదా అని అడగటమే మన పని.

తలుపు పెట్టించుకోవడం సాధ్యమేనా? సాధ్యమే అనడానికి మన దేశంలోనే ఉదాహరణలున్నాయి. 2011 జనవరిలో దేశమంతటా నంబరు మారకుండా ఫోను కంపెనీ మారే హక్కు వచ్చింది. నంబరు కంపెనీది కాదు, నాది అన్న ఒక్క నిబంధనతో వినియోగదారుడి కాలికి ఉన్న తాడు తెగింది. 2016లో వచ్చిన యూపీఐలో ఏ యాప్ వాడేవాడైనా మరో యాప్ వాడేవాడికి సొమ్ము పంపగలడు. అక్కడా ఫోన్‌పే, గూగుల్ పే రెండే అత్యధిక వాటా ఆక్రమించాయి. ఒక్కో యాప్‌కు 30 శాతం పరిమితి విధించాలన్న నిర్ణయాన్ని అమలు చేయకుండా 2026 చివరిదాకా వాయిదా వేశారు. కనుక ఉమ్మడి రాదారి ఒక్కటే చాలదని ఒప్పుకోవాలి. అయినా అక్కడ విసుగుపుట్టినవాడు ఒక్క పూటలో యాప్ మార్చుకోగలడు, ఎవరితోనూ సంబంధం తెగదు. వాట్సాప్‌లో ఆ వీలు లేదు. ఈ తేడా చిన్నది కాదు. 2022 అక్టోబరులో మన పోటీ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు కూడా, జరిమానా మొత్తం కన్నా, ఫోనులో ముందే ఏవి అమర్చాలో తయారీదారులను నిర్బంధించరాదన్న ఆదేశమే విలువైనది.

మన లిపి సంగతి కూడా ఇందుకు సాక్ష్యం. ఒకప్పుడు ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో సంకేతలిపి ఉండేది. ఆ ఫాంటు లేనివాడికి అక్షరాలు పిచ్చిగీతలుగా కనిపించేవి. డీటీపీలో పేజ్‌మేకర్‌దే రాజ్యం. 2001లో వచ్చిన ఏడో రూపంతో దాని ఎదుగుదల ఆగిపోయినా మన ప్రచురణరంగం చాలాకాలం అందులోనే ఉండిపోయింది. అందులో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల్లో ఒక మాటను వెదకాలన్నా వీలుకాదు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. పదేళ్ళకు విండోస్ ఎక్స్‌పీతో అది మామూలు కంప్యూటర్లకు చేరింది. ఆ ప్రమాణాన్ని నిర్ణయించే కూటమిలో పెద్ద కంపెనీలే సభ్యులన్న మాట నిజమే. కాని ప్రమాణం ఒక్కరి సొత్తు కాలేదు. అందుకే ఈ రోజు ఏ ఫోనులో రాసిన తెలుగునైనా మరో ఫోనులో చదువుకోగలుగుతున్నాం. కంపెనీ మారినా అక్షరం చెడదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఒంటరితనం మీద, అమెరికా వలసల మీద, ఫోనుకు అతుక్కుపోయిన సంసారాల మీద మనకు కథలు తక్కువేమీ రాలేదు. వాటిలో మంచి కథలున్నాయి. అయితే వాటిలో అధికభాగం యంత్రాన్ని దోషిగా నిలబెడతాయి, లేదా మనిషి బలహీనతను నిలబెడతాయి. దారి మొదట్లో కౌలు కట్టి కూర్చున్నవాడు ఇంకా మన కథల్లోకి పాత్రగా రాలేదు. నిబంధన ఒకటి మారితే జీవితం ఎంత మారుతుందో చెప్పే ఇతివృత్తం ఇంకా మన దృష్టికి ఆనలేదు. వడ్డీవ్యాపారి పత్రంలోని చిన్న షరతును పట్టుకొని గొప్ప కథలు రాసిన సంప్రదాయం మనది. చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని మనం నొక్కే షరతుల పత్రం అంతకన్నా తక్కువ వస్తువా?

రచయితలుగా ఈ లోపల చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఏ రచననూ ఒక్క కంపెనీ గోడమీద మాత్రమే ఉంచకూడదు. మన సంఘాలూ పత్రికలూ తమ పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చి, ఒకటికి రెండు చోట్ల, గ్రంథాలయాల్లో సహా భద్రపరచాలి. నంబరుకు దొరికిన హక్కు మన మాటలకూ మన పరిచయాలకూ దొరకాలని, ఒక యాప్ నుంచి మరో యాప్‌కు సందేశం పోయే నిబంధన రావాలని గట్టిగా అడగాలి. ఐరోపాలో 2024 మార్చి నుంచి అమలవుతున్న డిజిటల్ మార్కెట్ల చట్టం వాట్సాప్ వంటివాటి మీద ఇలాంటి బాధ్యతనే పెట్టింది. అక్కడ అడగగలిగినది ఇక్కడ ఎందుకు అడగరాదు?

పెద్ద కంపెనీలు ఇంకా ఎన్నాళ్ళు గెలుస్తాయో జోస్యం చెప్పడం నా పని కాదు. దారి వాటి చేతిలో ఉన్నంతకాలం గెలుస్తాయి. ఆ దారి ఎవరిదనేది కాలం తేల్చే విషయం కాదు, అడిగేవాళ్ళు తేల్చే విషయం.